కేంద్రకంలోకి, కేంద్రకం నుంచి: హెర్పిస్ వైరస్ ప్రోటీన్ల రాకపోకలు

శివరాత్రి వెళ్లి ఎండలు ముదురుతున్న రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో ఏదో ఒక వీధిలో గుమ్మానికి కట్టిన వేపమండలు కనబడతాయి. ఆ ఇంట్లో ఎవరికో ఆటలమ్మ పోసిందన్నమాట. వారం పది రోజులకు పొక్కులు మాడి, పెచ్చులు రాలి, తలకు నీళ్లు పోశాక అమ్మవారు దిగిపోయిందనుకుంటారు. దిగిపోయింది జబ్బు మాత్రమే. దాన్ని తెచ్చిన వరిసెల్లా జోస్టర్ వైరస్ ఒంట్లోంచి ఎక్కడికీ పోదు. వెన్నెముక పక్కనున్న నాడీ ముడుల్లో, అక్కడి నాడీకణాల కేంద్రకాల్లో, తన డీఎన్ఏ రూపంలో దశాబ్దాల పాటు ఉండిపోతుంది. వయసు మీదపడ్డాకో, ఒంట్లో రక్షణ శక్తి తగ్గినప్పుడో అదే వైరస్ నడుముకు ఒక పక్కన సర్పిగా లేస్తుంది.

ఆటలమ్మ వైరస్ హెర్పిస్ కుటుంబానికి చెందింది. మనుషులకు సోకే హెర్పిస్ వైరస్‌లు తొమ్మిది. జ్వరం వచ్చి తగ్గాక పెదవి అంచున పొక్కులు లేపే హెర్పిస్ సింప్లెక్స్-1 వాటిలో అందరికీ తెలిసింది. 2020 నాటికి ప్రపంచంలో 50 ఏళ్ల లోపు వారిలో 380 కోట్ల మందికి అది సోకి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మూత్రపిండ మార్పిడి చేయించుకున్నవారిని ఇబ్బంది పెట్టే సైటోమెగాలో వైరస్, కొన్ని క్యాన్సర్లతో సంబంధమున్న ఎప్‌స్టైన్-బార్ వైరస్ కూడా ఈ కుటుంబంవే. వీటన్నిటికీ ఉమ్మడి లక్షణం ఒకటుంది. ఇవి తమ డీఎన్ఏను కణ కేంద్రకంలోనే చదివించుకుంటాయి, అక్కడే నకళ్లు తీయించుకుంటాయి. కానీ ప్రోటీన్ తయారయ్యేది కేంద్రకంలో కాదు. దాని చుట్టూ ఉన్న సైటోప్లాజంలో, అంటే కణద్రవ్యంలో. కాబట్టి వైరస్ బతుకంతా ఈ రెంటి మధ్య రాకపోకల మీదే ఆధారపడి ఉంటుంది. ఒక వైరస్ ప్రోటీన్ ఏం చేయగలదన్నది ఎంత ముఖ్యమో, ఏ గంటలో కేంద్రకం త్వచానికి ఏ పక్కన ఉందన్నదీ అంతే ముఖ్యం. హెర్పిస్ గురించి మామూలుగా రాసే వ్యాసాల్లో ఈ రెండో సంగతికి చోటు దొరకదు. మందులు ఎందుకు పనిచేస్తాయో, ఎక్కడ ఆగిపోతాయో అర్థం కావాలంటే మాత్రం అదే ముందు తెలియాలి.

కేంద్రకానికి రెండు పొరల త్వచం ఉంటుంది. దాని నిండా వేల రంధ్రాలు. ఒక్కో రంధ్రం సుమారు 30 రకాల ప్రోటీన్లు వందల సంఖ్యలో చేరి కట్టిన కట్టడం. నడిమి దారి ఖాళీగా ఉండదు, నిలకడలేని ప్రోటీన్ పోగులు దాన్ని నింపి ఉంటాయి. నీళ్లు, లవణాలు, చిన్న అణువులు వాటి సందుల్లోంచి వాటంతటవే పోతాయి. సుమారు 40 కిలోడాల్టన్ల బరువు దాటిన ప్రోటీన్‌కు మాత్రం అలా పోవడం కష్టం. దాన్ని మోసుకెళ్లే మరో ప్రోటీన్ ఉండాలి. లోపలికి మోసేవాటిని ఇంపోర్టిన్లు, బయటికి మోసేవాటిని ఎక్స్‌పోర్టిన్లు అంటారు.

ఏ ప్రోటీన్‌ను మోయాలో ఇంపోర్టిన్‌కు తెలిసేది ఆ ప్రోటీన్ మీదే ఉన్న చిన్న గుర్తు వల్ల. 1984లో ఎస్‌వీ40 అనే కోతుల వైరస్ ప్రోటీన్‌లో ఈ గుర్తును మొదట స్పష్టంగా పట్టుకున్నారు. మొత్తం ఏడు అమైనో ఆమ్లాలు: ప్రోలిన్, మూడు లైసిన్లు, ఆర్జినిన్, మరో లైసిన్, వాలిన్. అందులో ఒక్క లైసిన్‌ను మార్చేసరికి కేంద్రకంలో ఉండాల్సిన ప్రోటీన్ బయటే నిలిచిపోయింది. లైసిన్, ఆర్జినిన్‌లకు ధనావేశం ఉంటుంది. ఇంపోర్టిన్ ఆల్ఫా అనే రకం మీదున్న గాడిలో అవి సరిగ్గా ఇముడుతాయి. బయటికి పోవడానికి వేరే గుర్తు ఉంది, అందులో ల్యూసిన్ వంటి నీటికి దూరంగా ఉండే అమైనో ఆమ్లాలు కొంత ఎడంతో వస్తాయి. దాన్ని పట్టుకునే ముఖ్యమైన ఎక్స్‌పోర్టిన్ పేరు సీఆర్ఎం1. ఎటు పోవాలో తేల్చేది ర్యాన్ అనే మరో చిన్న ప్రోటీన్. కేంద్రకంలో అది మూడు ఫాస్ఫేట్లున్న జీటీపీ అనే చిన్న అణువును పట్టుకుని ఉంటుంది, కణద్రవ్యంలో రెండు ఫాస్ఫేట్లే ఉన్న జీడీపీని. జీటీపీతో ఉన్న ర్యాన్ తగలగానే ఇంపోర్టిన్ తెచ్చిన సరుకును వదిలేస్తుంది. ఎక్స్‌పోర్టిన్ మాత్రం అదే ర్యాన్ తోడుంటేనే సరుకును పట్టుకుంటుంది. ప్రోటీన్ తాను చేరాల్సిన చోటును తన ఒంటి మీదే రాసుకుని ఉంటుందన్న ఆలోచనకు గుంటర్ బ్లోబెల్‌కు 1999లో నోబెల్ బహుమతి వచ్చింది.

హెర్పిస్ వైరస్‌కు సొంత రంధ్రం లేదు, సొంత ఇంపోర్టిన్ లేదు, సొంత ర్యాన్ లేదు. అంతా మన కణానిదే. అందులోనే దాని నేర్పూ ఉంది, దాని బలహీనతా ఉంది.

మొదటి అడ్డంకి పరిమాణం. డీఎన్ఏను దాచుకున్న క్యాప్సిడ్ అనే గట్టి గుల్ల వ్యాసం దాదాపు 125 నానోమీటర్లు. అది కేంద్రక రంధ్రంలో పట్టదు. అందుకే కణంలోకి వచ్చిన గుల్ల మైక్రోట్యూబుల్ అనే సన్నని గొట్టాల దారుల వెంట, డైనీన్ అనే మోటారు ప్రోటీన్ లాగుతుండగా కేంద్రకం దాకా వచ్చి, రంధ్రం ముఖానికి అతుక్కుని ఆగిపోతుంది. లోపల డీఎన్ఏ ఎంత కిక్కిరిసి ఉంటుందంటే, దాని ఒత్తిడి దాదాపు 20 అట్మాస్ఫియర్లు. గుల్లకు ఒక మూలనున్న తూము తెరుచుకోగానే హెర్పిస్ సింప్లెక్స్ డీఎన్ఏ, అంటే సుమారు 1,52,000 బేస్ జతల పొడవున్న పోగు, ఆ ఒత్తిడికే కేంద్రకంలోకి దూసుకుపోవడం మొదలుపెడుతుంది. ఖాళీ గుల్ల బయటే ఉండిపోతుంది.

డీఎన్ఏ లోపలికి చేరినంత మాత్రాన చాలదు. దాన్ని చదవడం మొదలుపెట్టించేవాళ్లు కావాలి. హెర్పిస్ సింప్లెక్స్‌లో ఆ పని వీపీ16 అనే ప్రోటీన్‌ది. వైరస్ కణంతో పాటే బయటినుంచి వచ్చే ఈ ప్రోటీన్‌కు లోపలికి పోయే గట్టి గుర్తు తనకంటూ లేదు. అది కణద్రవ్యంలో హెచ్‌సీఎఫ్-1 అనే మన సొంత ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. హెచ్‌సీఎఫ్-1కు ఆ గుర్తు ఉంది. పెళ్లివారితో కలిసి విడిదింట్లోకి నడిచిన మనిషిని ఎవరూ ఆపి అడగనట్టే, వీపీ16 కూడా దాని వెంట లోపలికి పోతుంది. లోపల ఆక్ట్-1 అనే మరో ప్రోటీన్‌తో కూడి, వైరస్ తొలి జన్యువులను తెరిపిస్తుంది.

ఇక్కడ నాడీకణాల సంగతి చూడాలి. చాలా కణాల్లో హెచ్‌సీఎఫ్-1 తయారైన వెంటనే కేంద్రకంలోకి చేరి అక్కడే ఉంటుంది. స్పర్శను మోసే నాడీకణాల్లో మాత్రం అది ఎక్కువగా కణద్రవ్యంలో ఉంటుందనీ, వైరస్‌ను లేపే ఒత్తిళ్లు తగిలినప్పుడు కేంద్రకంలోకి కదులుతుందనీ 1999లో గమనించారు. వైరస్ నిద్రకు ఇదొక్కటే కారణం కాదు. దాని డీఎన్ఏ చుట్టూ మన హిస్టోన్ ప్రోటీన్లు బిగుసుకోవడం, రక్షణ కణాలు కాపు కాయడం కూడా ఉన్నాయి. అయినా ఒక ప్రోటీన్ పది మైక్రోమీటర్లు కూడా లేని దూరం కదలడం మీద, మనిషి పెదవి మీద పొక్కు లేస్తుందా లేదా అన్నది కొంతైనా ఆధారపడి ఉండటం గుర్తుంచుకోవాల్సిన సంగతి.

ఆటలమ్మ వైరస్‌లో ఈ రాకపోకలు ఎంత తేలికైన మార్పుతో మలుపు తిరుగుతాయో ఐఈ62 అనే ప్రోటీన్ చూపిస్తుంది. 1310 అమైనో ఆమ్లాల భారీ ప్రోటీన్ ఇది. వైరస్ జన్యువులన్నిటినీ తెరిపించే పెద్ద. సోకిన తొలి గంటల్లో దాని చోటు కేంద్రకం. లైసిన్, ఆర్జినిన్‌లతో నిండిన గుర్తు సుమారు 677వ స్థానం నుంచి ఉంటుంది, ఇంపోర్టిన్ ఆల్ఫా దాన్ని పట్టుకుని లోపలికి తీసుకుపోతుంది. గంటలు గడిచేకొద్దీ వైరస్ సొంతంగా ఓఆర్ఎఫ్66 అనే కైనేజ్‌ను తయారుచేస్తుంది. ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించడం దీని పని. ఇది ఐఈ62లో 686వ స్థానంలో ఉన్న సెరీన్‌కు ఒక ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఆ సెరీన్ ఉన్నది సరిగ్గా గుర్తును ఆనుకునే. ఫాస్ఫేట్‌ది రుణావేశం. ధనావేశాల గుర్తు పక్కనే అది వచ్చి కూర్చుంటే ఇంపోర్టిన్ పట్టు చిక్కదు. అప్పటినుంచి కొత్తగా తయారైన ఐఈ62 కణద్రవ్యంలోనే పోగుపడుతుంది.

అలా పోగుపడటం వృథా కాదు. బయటికి పోబోయే కొత్త వైరస్ కణాలు కణద్రవ్యంలోనే తుదిరూపు తీసుకుంటాయి. గుల్లకూ బయటి పొరకూ మధ్యనుండే టెగ్యుమెంట్ అనే పొరలో ఈ ఐఈ62ను నింపుకుంటాయి. అంటే తర్వాతి కణంలోకి అడుగుపెట్టేటప్పుడే జన్యువులు తెరిపించే ప్రోటీన్ వైరస్ వెంట సిద్ధంగా ఉంటుంది. ప్రయోగశాలలో ఓఆర్ఎఫ్66ను తీసేసిన వైరస్‌లో ఐఈ62 కేంద్రకంలోనే ఉండిపోయింది, కొత్త వైరస్ కణాల్లోకి చేరలేదు. అలాంటి వైరస్ టీ కణాలనే రక్షణ కణాల్లో సరిగా పెరగలేకపోయింది. రక్తంలో తిరిగే ఆ టీ కణాలే వైరస్‌ను చర్మం దాకా మోసుకొచ్చి పొక్కులు లేపుతాయి కాబట్టి, ఇది చిన్న లోపం కాదు. ఒక్క ఫాస్ఫేట్ వల్ల ఒకే ప్రోటీన్ పొద్దున అధికారి, సాయంత్రం సరుకు. ఇంత పొదుపుగా పని నడిపించుకునే వ్యవస్థ వైరస్‌లలో కూడా అరుదు.

1974లో జపాన్‌లో మిచియాకి తకహాషి తయారుచేసిన ఓకా టీకాలో ఉన్నది బలహీనపరిచిన ఇదే వైరస్. అసలు వైరస్‌తో పోల్చి చదివినప్పుడు మార్పులు అన్నింటికన్నా ఎక్కువగా కనబడింది ఐఈ62 జన్యువులోనే. మన దేశంలో ఆటలమ్మ టీకా సార్వత్రిక టీకాల కార్యక్రమంలో లేదు, సొంత ఖర్చుతో వేయించుకోవాలి. ఉష్ణమండలంలో ఆటలమ్మ పెద్దవయసులో సోకడం ఎక్కువ, పెద్దవాళ్లలో న్యుమోనియా వంటి చిక్కులూ ఎక్కువ. చిన్నప్పుడు రాకుండా ఎదిగినవారు ఈ టీకా గురించి డాక్టరును అడగడం మంచిది.

ఐఈ62 ఒకసారి ఇటు, ఒకసారి అటు. అలా కాక పదేపదే అటూ ఇటూ తిరిగే ప్రోటీన్లు ఇంకో జాతి. హెర్పిస్ సింప్లెక్స్‌లోని ఐసీపీ27 వాటిలో పేరుమోసింది. దీని అవసరం ఎందుకొచ్చిందంటే, మన జన్యువుల్లో చాలావాటికి మధ్యమధ్య ప్రోటీన్ తయారీకి అక్కర్లేని ఇంట్రాన్లు అనే ముక్కలు ఉంటాయి. జన్యువు నుంచి తీసిన ఆర్ఎన్ఏ నకలులో వాటిని కత్తిరించి మిగతాది అతికే పని జరుగుతున్నప్పుడే, ఆ ఆర్ఎన్ఏను బయటికి పంపే ప్రోటీన్లు వచ్చి దాని మీద కూర్చుంటాయి. హెర్పిస్ సింప్లెక్స్ జన్యువులు 80కి పైగా ఉన్నా ఇంట్రాన్లు ఉన్నవి కొన్నే. కత్తిరింపు లేదు కాబట్టి పంపే ప్రోటీన్లూ వాటంతటవి సరిగా రావు. ఐసీపీ27 వైరస్ ఆర్ఎన్ఏను ఒక చేత్తో పట్టుకుంటుంది, ఆలీ, టీఏపీ అనే మన ప్రోటీన్లను ఇంకో చేత్తో పట్టుకుంటుంది. మొత్తం మూట రంధ్రం దాటుతుంది. బయట ఆర్ఎన్ఏను ప్రోటీన్ తయారుచేసే రైబోజోములకు వదిలి, తన లోపలి గుర్తు సాయంతో ఐసీపీ27 మళ్లీ కేంద్రకంలోకి వస్తుంది. అంతకుముందే, సోకిన తొలిదశలో, మన ఆర్ఎన్ఏల కత్తిరింపును కూడా ఇది దెబ్బతీస్తుంది.

మైక్రోస్కోపులో చూస్తే ఇలాంటి ప్రోటీన్ ఎప్పుడూ కేంద్రకంలోనే వెలుగుతూ కనబడుతుంది. బయట గడిపే సమయం అంత తక్కువ. మరి తిరుగుతోందని ఎలా తెలిసింది? దానికి వాడిన ప్రయోగం చాలా సూటిగా ఉంటుంది. వైరస్ ప్రోటీన్ ఉన్న మనిషి కణాన్నీ, అది లేని ఎలుక కణాన్నీ ఒక రసాయనంతో కలిపేస్తారు. కణాల బయటి త్వచాలు కరిగి ఒకటైపోతాయి. ఒకే కణద్రవ్యంలో రెండు కేంద్రకాలు పక్కపక్కన ఉంటాయి. కలపడానికి ముందే సైక్లోహెక్సిమైడ్ వేసి కొత్త ప్రోటీన్ తయారీని ఆపేస్తారు. డీఎన్ఏకు అంటుకునే నీలి రంగు వేస్తే ఎలుక కేంద్రకం చుక్కలు చుక్కలుగా మెరుస్తుంది, మనిషి కేంద్రకం చదునుగా వెలుగుతుంది. దాంతో ఏది ఎవరిదో తెలిసిపోతుంది. కొన్ని గంటల తర్వాత ఆ చుక్కల కేంద్రకంలో వైరస్ ప్రోటీన్ కనబడితే దానికి ఒక్కటే దారి: మనిషి కేంద్రకం నుంచి బయటికొచ్చి, ఎలుక కేంద్రకంలోకి వెళ్లి ఉండాలి. ఐసీపీ27 ఇలాగే 1990ల్లో బయటపడింది. దీని బంధువులు ప్రతి హెర్పిస్ వైరస్‌లోనూ ఉన్నాయి. ఆటలమ్మ వైరస్‌లో ఐఈ4, సైటోమెగాలోలో యూఎల్69, ఎప్‌స్టైన్-బార్‌లో ఎస్‌ఎం, కపోసి సార్కోమా వైరస్‌లో ఓఆర్ఎఫ్57. పని ఒకటే అయినా పట్టుకునే చేయి వేరు. యూఎల్69 ఆలీని నేరుగా పట్టుకోదు, యూఏపీ56 అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది.

తిరుగు ప్రయాణంలో మళ్లీ అదే పరిమాణం చిక్కు. కేంద్రకంలో కొత్తగా కట్టిన గుల్లలు రంధ్రం దాటలేవు. అందుకని వైరస్ రంధ్రాన్ని వదిలేసి త్వచాన్నే వాడుకుంటుంది. హెర్పిస్ సింప్లెక్స్‌లో యూఎల్34 అనే ప్రోటీన్ కేంద్రకం లోపలి త్వచంలో నాటుకుని ఉంటుంది, కేంద్రకంలోకి చేరిన యూఎల్31 దానికి అతుక్కుంటుంది. ఈ జంటలు వందల కొద్దీ చేరి షడ్భుజాల జాలంగా అల్లుకుని త్వచాన్ని వంచి గుల్ల చుట్టూ చుట్టేస్తాయి. కైనేజ్‌లు త్వచానికి ఆనుకుని ఉన్న లామిన్ జాలాన్ని వదులు చేస్తాయి. గుల్ల రెండు త్వచాల మధ్యకు బుడగలా వచ్చి, బయటి త్వచంలో కలిసిపోయి, ఆ పొరను అక్కడే వదిలి కణద్రవ్యంలోకి అడుగుపెడుతుంది.

ఈ సంగతులన్నీ శ్రీకాకుళం జిల్లాకు ఎంత దగ్గరివో ఉద్దానం వైపు చూస్తే తెలుస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల జీడి, కొబ్బరి తోటల ఊళ్లలో దీర్ఘకాలిక మూత్రపిండాల జబ్బు ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రితో కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమైంది. ఆ జబ్బు హెర్పిస్ వల్ల వచ్చిందని కాదు. కానీ మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో సర్పి మామూలు జనం కన్నా ఎక్కువ. మార్పిడి చేయించుకున్నవారు కొత్త కిడ్నీని ఒళ్లు తిరస్కరించకుండా వాడే మందులు టీ కణాలను అణచిపెడతాయి. మన దేశంలో పెద్దవాళ్లలో అత్యధికుల ఒంట్లో నిద్రాణంగా ఉన్న సైటోమెగాలో వైరస్‌కు అదే అదను.

ఆ వైరస్‌ను పట్టుకోవడానికి 1980ల చివర్లో వచ్చిన పరీక్షకు ఆధారం కూడా కేంద్రకంలోకి చేరే ఒక ప్రోటీనే. పీపీ65 అనే ఆ ప్రోటీన్ వైరస్ టెగ్యుమెంట్‌లో పుష్కలంగా ఉంటుంది, కణంలోకి రాగానే నేరుగా కేంద్రకంలో చేరుతుంది. రోగి రక్తంలోంచి న్యూట్రోఫిల్ అనే తెల్లరక్త కణాలను వేరుచేసి, గాజు పలక మీద పరిచి, పీపీ65ను పట్టుకునే యాంటీబాడీ వేస్తారు. పాయలుగా విడిపోయిన న్యూట్రోఫిల్ కేంద్రకం మెరిస్తే వైరస్ ఉన్నట్టు. రెండు లక్షల కణాల్లో అలాంటివి ఎన్నో లెక్కపెడతారు. చిక్కల్లా రక్తం తీసిన ఆరు నుంచి ఎనిమిది గంటల్లోపు పరీక్ష మొదలవ్వాలి. ఇచ్ఛాపురం నుంచి విశాఖ 200 కిలోమీటర్లకు పైనే. ఇప్పుడు చాలాచోట్ల వాడే, వైరస్ డీఎన్ఏను వెతికే పీసీఆర్ పరీక్షకు ఆ తొందర అంత లేదు. దూరపు ఊళ్ల రోగులకు అది నిజమైన మేలు.

మందుల విషయంలోనూ చోటే కీలకం. ఆటలమ్మకూ సర్పికీ ఇచ్చే ఎసైక్లోవిర్‌కు తొలి ఫాస్ఫేట్‌ను వైరస్ థైమిడిన్ కైనేజ్ తగిలిస్తుంది. ఆ తర్వాత అది కేంద్రకంలో వైరస్ డీఎన్ఏకు నకళ్లు తీసే పాలిమరేజ్‌ను ఆపుతుంది. ఇలాంటి మందుల రూపకల్పనలో పాలుపంచుకున్న గెర్‌ట్రూడ్ ఎలియన్‌కు 1988లో నోబెల్ వచ్చింది. అప్పటికే కేంద్రకం దాటి బయటికొచ్చేసిన వైరస్ కణాలను ఈ మందు ఏమీ చేయలేదు. అందుకే ఆటలమ్మలో పొక్కులు కనబడిన 24 గంటల్లో, సర్పిలో 72 గంటల్లో మొదలుపెట్టమంటారు. సర్పి నడుం చుట్టూ చుట్టుకుంటుందేమోనన్న భయంతో మంత్రాలకూ పూతలకూ తిరిగే రోజుల్లోనే ఆ గడువు దాటిపోతుంది. ఇక మూత్రపిండాలు పనిచేయనివారికి ఇంకో జాగ్రత్త. ఎసైక్లోవిర్ ఎక్కువగా మూత్రంలోనే పోతుంది. సర్పికి మామూలుగా ఇచ్చే 800 మిల్లీగ్రాములు రోజుకు ఐదుసార్లు అన్న లెక్క డయాలసిస్ రోగికి ఇస్తే మందు పేరుకుని మనిషి తికమకపడటం, లేనివి కనబడటం, చేతులు వణకడం మొదలవుతాయి. వారికి మోతాదు రోజుకు రెండుసార్లకో, అంతకన్నా తక్కువకో డాక్టరే తగ్గించాలి. మందుల షాపులో పాత చీటీ చూపించి కొనుక్కునే మందు కాదిది.

సైటోమెగాలోకు వాడే గాన్‌సైక్లోవిర్‌ను పనికి సిద్ధం చేసేది యూఎల్97 అనే వైరస్ కైనేజ్. లామిన్ జాలాన్ని వదులుచేసి కొత్త గుల్లలకు దారి తీసేదీ ఇదే. 2021లో అమెరికాలో అనుమతి పొందిన మారిబావిర్ నేరుగా యూఎల్97నే ఆపుతుంది. కాబట్టి రెండు మందులూ కలిపి ఇవ్వకూడదు. కైనేజ్ ఆగితే గాన్‌సైక్లోవిర్ మందుగా మారదు.

మరి అసలు రాకపోకలనే ఆపే మందు చేయలేమా? ప్రయత్నాలు జరిగాయి. సీఆర్ఎం1ను బిగించేసే లెప్టోమైసిన్ బీ ప్రయోగశాలలో అద్భుతంగా పనిచేస్తుంది. క్యాన్సర్ కోసం మనుషులకిచ్చి చూస్తే విషప్రభావం భరించలేక ఆపేశారు. అదే ఎక్స్‌పోర్టిన్ మీద మెత్తగా పనిచేసే సెలినెక్సార్ 2019లో మైలోమా క్యాన్సర్‌కు అనుమతి పొందింది. పరాన్నజీవులకు వాడే ఐవర్‌మెక్టిన్ అనే మందు ఇంపోర్టిన్ ఆల్ఫా-బీటా జంటను అడ్డుకుంటుందని 2010 దశకం మొదట్లో తేలింది. కోవిడ్ రోజుల్లో మన ఊళ్లలోనూ దాన్ని విరివిగా మింగారు. కానీ కణాల గిన్నెలో వైరస్‌ను ఆపిన గాఢత, మాత్ర వేసుకుంటే రక్తంలో వచ్చే గాఢత కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. 2022లో వెలువడిన పెద్ద ప్రయోగంలో కోవిడ్ రోగులు ఆసుపత్రిపాలవడం దీనివల్ల తగ్గలేదు. ఇంపోర్టిన్ మన ప్రతి కణానికీ ప్రాణాధారం. దాన్ని గట్టిగా పట్టి ఆపితే వైరస్ కన్నా ముందు మనిషే దెబ్బతింటాడు.

వైరస్‌కు మాత్రమే ఉన్నదాన్ని వెతకడమే మేలు. సైటోమెగాలోలో యూఎల్34కు బంధువు యూఎల్50, యూఎల్31కు బంధువు యూఎల్53. యూఎల్53 చివరనున్న కొక్కెం యూఎల్50 మీది గాడిలో ఇముడుతుంది. ఇలాంటి జంట మన కణాల్లో లేదు. ఆ గాడిని ముందే పూడ్చేసే చిన్న అణువుల కోసం ప్రయోగశాలలు వెతుకుతున్నాయి. అలాంటిది మందుగా ఆసుపత్రికి ఇంకా చేరలేదు.